హోండా సిటీకి బయటి అలాయ్‌లు: కంపెనీ నట్లే వాడొచ్చా, కొత్తవి కొనాలా?

కరకంబాడి_సిటీ:
నా పాత హోండా సిటీకి ఆన్‌లైన్‌లో అలాయ్ చక్రాలు తెప్పించాను. నాలుగు రంధ్రాలు, పీసీడీ (నట్ల రంధ్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం) 100 మిల్లీమీటర్లు, సైజు కూడా పాతదే. పెట్టెలో నట్లు రాలేదు. బిగించిన షాపాయన కారుకున్న పాత నట్లే వేసేశాడు, "కంపెనీ నట్లకంటే మంచివి యాడ దొరుకుతాయి సార్" అంటూ. నిన్న రేణిగుంట వైపు పోతుంటే ఎనభై దాటగానే స్టీరింగ్ వణికింది. వచ్చే వారం అమ్మావాళ్లను తీసుకుని కొండకు పోవాలి. ఈ నట్లే ఉంచొచ్చా?

అలిపిరి_టాక్సీ:
షాపాయన చెప్పింది కరెక్టే. హోండా నట్టు 12×1.5, అంటే మర 12 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు మధ్య 1.5. చక్రం కూర్చునే హబ్‌కు ఉన్న స్టడ్ (నట్టు ఎక్కే మరమేకు) కూడా అదే కదా, మరి నట్టు ఎందుకు మార్చాలి? చక్రం మారిస్తే నట్టు మార్చాలన్నది యాక్సెసరీస్ అమ్ముకునేవాళ్లు పుట్టించిన మాట. వణుకు బ్యాలెన్సింగ్‌ది. ఇంకోసారి చేయించుకో, టెన్షన్ పడకు.

పుత్తూరు_పోలో:
అన్నా, తమ్ముడు థ్రెడ్ (మర) గురించి అడగలేదు. నట్టు చక్రానికి ఆనే చోటు చూడాలి. హోండా కంపెనీ నట్టుకు ఆ చోటు బంతిలా గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే అలాయ్‌లలో ఎక్కువ వాటికి గుంట 60 డిగ్రీల కోన్‌లా ఉంటుంది. గుండ్రటి నట్టు అందులో ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. గన్‌తో (బిగించే మెషీన్‌తో) కొడితే గట్టిగానే పట్టినట్టు ఉంటుంది. నాలుగు రోజులు తిరిగాక ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగి నట్టు వదులవుతుంది. గిన్నెకు సరిపోని మూతను ఎంత నొక్కితే ఏం లాభం?

అలిపిరి_టాక్సీ:
పట్టినట్టు ఉంటుంది అని నువ్వే అన్నావు కదా. పడితే చాలు. రోజూ కొండ ఎక్కి దిగే బండ్లు నావి. నాకు నట్టు పాఠం చెప్పొద్దు.

పలమనేరు_స్విఫ్ట్:
థ్రెడ్‌ను తేలిగ్గా తీసుకోకండి సార్. మారుతీ స్విఫ్ట్‌కు 12×1.25. మా బావమరిది బండికి ఒక షాపులో హ్యుందాయ్‌వి, అంటే 12×1.5 నట్లు వేశారు. చేత్తో ఒక చుట్టు, రెండు చుట్లు ఎక్కింది, తర్వాత బిగుసుకుంది. కుర్రాడు గన్ పెట్టి కొట్టాడు. మూడు స్టడ్లు మర చెడిపోయి హబ్ విప్పాల్సి వచ్చింది.

అలిపిరి_టాక్సీ:
చూశారా! నేను చెప్పేదీ అదే. థ్రెడ్ ఒకటైతే చాలు.

పుత్తూరు_పోలో:
ఆయన చెప్పింది అది కాదన్నా. థ్రెడ్ తప్పితే ఆ రోజే తెలుస్తుంది. ఆనే చోటు తప్పితే ఘాట్‌లో తెలుస్తుంది.

చంద్రగిరోడు:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. సిటీ హబ్ 56.1 మిల్లీమీటర్లు. బయటి అలాయ్‌లలో చాలావాటికి నడిమి రంధ్రం 73.1 ఉంటుంది. ఆ సందును నింపే హబ్ రింగు లేకపోతే చక్రం నడిమికి కూర్చోవడం మొత్తం నట్ల మీదే ఆధారపడుతుంది. ఆ నట్టు కూడా గుండ్రటిదైతే ఇక చెప్పేదేముంది. నాలుగు రింగులు తెప్పించుకో తమ్ముడూ.

అలిపిరి_టాక్సీ:
ఇప్పుడు రింగులు కూడా కొనాలా? రేపు స్టడ్లు, ఎల్లుండి కారు.

కరకంబాడి_సిటీ:
అన్నలూ, నట్టుదో రింగుదో నాకెలా తెలుస్తుంది? కొలిచే పరికరం ఏదీ నా దగ్గర లేదు.

పుత్తూరు_పోలో:
నల్ల మార్కర్ ఉంటే చాలు. నట్టు విప్పి, చక్రానికి ఆనే భాగమంతా నల్లగా రుద్దు. మామూలుగా బిగించి మళ్లీ విప్పు. సరైన నట్టయితే వెడల్పాటి పట్టీలా చుట్టూ రంగు చెరుగుతుంది. కాకపోతే వెంట్రుకలా ఒక్క గీత. ఇంకొకటి, చేత్తో ఎన్ని చుట్లు ఎక్కుతుందో లెక్కపెట్టు. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు కనీసం అంత లోతైనా మర పట్టాలి, అంటే చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల చొప్పున ఎనిమిది చుట్లు. అలాయ్ ఆ చోట మందంగా ఉంటుంది కాబట్టి కొన్ని బండ్లకు ఇక్కడే తగ్గుతుంది. మరకు నూనె మాత్రం రాయొద్దు. అదే టార్క్‌కు (తిప్పే బలానికి) స్టడ్ ఎక్కువ సాగుతుంది.

అలిపిరి_టాక్సీ:
ఇంట్లో కూర్చుని మార్కర్ ఆటలు. షాపులో లైన్లో ఆరు బండ్లుంటే ఎవరు రుద్దుతారయ్యా?

పుత్తూరు_పోలో:
రుద్దరు కాబట్టే నేను భాకరాపేట ఘాట్‌లో రోడ్డు పక్కన నిలబడ్డాను. నా పోలోకు నట్లు కాదు, బోల్టులు, 14×1.5, కంపెనీవి గుండ్రటివే. సెకండ్ హ్యాండ్ అలాయ్‌లు తీసుకుపోతే చిత్తూరులో ఒక షాపులో అవే బోల్టులు కొట్టి పంపించారు. ఘాట్‌లో వెనక నుంచి టక్ టక్ శబ్దం. దిగి చూస్తే రెండు బోల్టులు వేళ్లతో తిరుగుతున్నాయి. వెనక సీట్లో పిల్లలు. షాపుకు పోయి అడిగితే "చక్రాలు నువ్వు తెచ్చావు, మాకేం సంబంధం" అన్నారు. నీలా "పడితే చాలు" అనేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి మా ప్రాణాలు.

అలిపిరి_టాక్సీ:
మాట జాగ్రత్త.

పలమనేరు_స్విఫ్ట్:
నిదానం సార్లూ.

అలిపిరి_టాక్సీ:
ఏం నిదానం? టాక్సీలు కొనక ముందు నాకూ టైర్ షాపు ఉండేది. చక్రాలు ఆన్‌లైన్‌లో కొంటారు. టైర్లు ఇంకోచోట. బిగించడానికి మాత్రం మా దగ్గరికొచ్చి రెండొందలకు బేరమాడతారు. "దీనికి కోన్ నట్లు కావాలి, డబ్బులవుతాయి" అని చెప్తే "దోచుకుంటున్నారు" అంటారు. చెప్పకుండా పాతవే వేస్తే "ప్రాణాలు తీస్తున్నారు" అంటారు. ఒకాయన నట్లు వద్దని తనే చెప్పి, తర్వాత చక్రం ఊగిందని మా కుర్రాడి చొక్కా పట్టుకున్నాడు. ఆ పిల్లోడు మళ్లీ పనికి రాలేదు. కోన్ సంగతి నాకు తెలీదనుకున్నావా?

పుత్తూరు_పోలో:
తెలిసీ ఇంతసేపు థ్రెడ్ థ్రెడ్ అన్నావా!

అలిపిరి_టాక్సీ:
తప్పంతా బిగించినోడిదే అన్నట్టు మాట్లాడుతుంటే ఏమనమంటావు? సామాను నువ్వు తెస్తే, సరిపోతుందో లేదో చూసుకోవాల్సిందీ నువ్వే.

పుత్తూరు_పోలో:
కాదన్నా. నేను కొనేవాణ్ణి, నాకు తెలియకపోవచ్చు. గన్ పట్టుకున్నవాడికి తెలిసుండాలి. నేను బేరమాడితే బిగించనని పంపించెయ్. సరిపోని నట్టు వేసి, డబ్బు తీసుకుని, "పోయి రండి సార్" అనొద్దు.

అలిపిరి_టాక్సీ:
పంపిస్తే పక్క షాపులో అదే నట్టు వేయించుకుంటారు. అద్దె నేను కట్టాలి, నువ్వు కట్టవు.

చంద్రగిరోడు:
తమ్ముడు కొండకు పోవాలి, అది చూడండి ముందు.

కరకంబాడి_సిటీ:
మార్కర్ పరీక్ష చేశాను. వెంట్రుక గీతే. చక్రం గుంటలో కూడా అక్కడ మెరిసే గీత పడింది. కోన్ నట్లు 12×1.5 కొన్నాను. వేరే షాపులో చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి, టార్క్ రెంచితో 108 న్యూటన్ మీటర్లకు బిగించారు. వణుకు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రింగులు ఆర్డర్ పెట్టాను.

పుత్తూరు_పోలో:
మంచి పని. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచి పెట్టించు. పాత నట్లు పారేశావా ఏంటి? స్టెప్నీ కంపెనీ ఇనప చక్రమే కదా, దానికి ఆ గుండ్రటివే కావాలి. నాలుగు డిక్కీలో వేసుకో.

కరకంబాడి_సిటీ:
అయ్యో, కొత్త నట్లు బిగించిన షాపులోనే ఉండిపోయాయి. రేపు పోయి అడుగుతాను.

అలిపిరి_టాక్సీ:
అడుగు, ఇస్తారు. పోయినప్పుడు అక్కడి కుర్రాడి మీద అరవొద్దు. అడిగినదానికి సరిగ్గా చెప్పే షాపుకు ఎంత ఇచ్చావో అది కూడా ఇక్కడ రాయి, ఈ పోలో సార్ చూడాలి.

కరకంబాడి_సిటీ:
నట్లు కాకుండా బిగించినందుకు ఆరొందలు.

అలిపిరి_టాక్సీ:
బేరమాడావా?

కరకంబాడి_సిటీ:
ఎనిమిదొందలు చెప్పారన్నా.