హింటర్‌కైఫెక్ ఇంట్లో దయ్యమా, మనిషా?

ప్రశ్న: జర్మనీ బవేరియాలో హింటర్‌కైఫెక్ అనే పొలం ఇంట్లో 1922లో ఆరుగురిని చంపేశారు కదా, అంతకు కొన్ని నెలల ముందే పనమ్మాయి దయ్యం ఉందని మానేసి వెళ్లిపోయిందట. నిజమేనంటారా?

జవాబు: దయ్యం లేదు గియ్యం లేదు. అటక మీద అడుగుల చప్పుడు వినిపిస్తోందని, మంచులో ఇంటివైపు వచ్చిన అడుగుజాడలే ఉన్నాయి తప్ప తిరిగెళ్లినవి లేవని ఆ ఇంటి పెద్దాయనే చుట్టుపక్కల వాళ్లతో అన్నాడు, పోలీసులకు మాత్రం చెప్పలేదు!

జవాబు: నాకు ఒళ్లు జలదరించేది తర్వాతి సంగతే. నాలుగు రోజులకు గానీ శవాలు బయటపడలేదు, ఈలోపు ఎవరో గొడ్లకు మేత వేస్తూనే ఉన్నారు. దయ్యాలు మేత వేస్తాయా?

ప్రశ్న అడిగినవారు: మరి కొత్త పనమ్మాయి?

జవాబు: పాపం, చేరిన రోజే ఆమెనూ చంపేశారు. 1923లో ఇల్లు కూల్చేశారు, హంతకుడు మాత్రం దొరకనే లేదు.