ట్రాకర్ లేకుండా 300 ఎంఎం లెన్స్‌తో సంపూర్ణ చంద్రగ్రహణం: సెట్టింగులు ఎలా?

ప్రశ్న:
24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరా, 70-300 ఎంఎం జూమ్ (300 దగ్గర ఎఫ్/5.6), గట్టి ట్రైపాడ్, టైమర్ రిమోట్ ఉన్నాయి. ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాను మెల్లగా తిప్పే పరికరం) లేదు. మామూలు పౌర్ణమి చంద్రుణ్ణి తీయడం వచ్చు. సంపూర్ణ గ్రహణంలో ఎర్రబడ్డ చంద్రుడు మచ్చలతో సహా స్పష్టంగా ఉన్న ఫోటో ఒకటి, స్పర్శ (ముదురు నీడ చంద్రుణ్ణి తాకడం) నుంచి మోక్షం (ఆ నీడ పూర్తిగా వదలడం) దాకా దశలన్నీ వరుసగా ఉన్న ఫోటో ఒకటి కావాలి. ఎక్స్‌పోజర్ ఎంతతో మొదలుపెట్టాలి? రెండూ ఒకే కెమెరాతో అవుతాయా?

జవాబు 1:
ఒకే కెమెరాతో రెండూ అవవండి. వరుస ఫోటోకి కెమెరా రాత్రంతా కదలకూడదు, 300 ఎంఎం ఫ్రేము నుంచి చంద్రుడు కొద్ది నిమిషాల్లోనే జారిపోతాడు. రెండో కెమెరా లేకపోతే ఏదో ఒకటి ఎంచుకోండి. ముందు దగ్గరి ఫోటో సంగతి చెప్తాను.

గ్రహణం పట్టని పౌర్ణమి చంద్రుడికి ఐఎస్ఓ 200, ఎఫ్/8, 1/400 సెకను సరిపోతుంది. సంపూర్ణ దశలో వెలుగు సుమారు పదివేల రెట్లు పడిపోతుంది, అంటే 13 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). ఆటో ఎక్స్‌పోజర్ పెడితే చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని చంద్రుణ్ణి తెల్లగా మాడ్చేస్తుంది. మాన్యువల్ మోడ్ తప్ప వేరే దారి లేదు.

ఉపచ్ఛాయలో (భూమి నీడ చుట్టూ ఉండే పలచటి నీడలో) ఉన్నంతసేపూ పౌర్ణమి సెట్టింగే నడుస్తుంది. ప్రచ్ఛాయ (నడిమి ముదురు నీడ) సగం కమ్మేసరికి 1/200, ముప్పాతిక దాటాక 1/100, సన్నని అంచు మిగిలినప్పుడు 1/50. ఇవి వెలుగు భాగం కోసం. నీడలో ఉన్న ఎరుపు కూడా కనబడాలంటే ఐఎస్ఓ పెంచి అరసెకను దాకా వెళ్లాలి, అప్పుడు వెలుగు వైపు పూర్తిగా మాడిపోతుంది. పాక్షిక దశలో ఆ రెండూ ఒక్క షాట్‌లో ఇమడవు. విడివిడిగా తీసి తర్వాత కలుపుకోవడమే.

నిమీలనం (చంద్రుడు పూర్తిగా ముదురు నీడలో మునగడం) అవగానే లెన్స్ పూర్తిగా తెరిచి ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200, 1/4 సెకనుతో మొదలుపెట్టండి. వెంటనే 1/8, 1/2, 1 సెకను కూడా తీయండి. ఇంత వెడల్పున ఎందుకంటే, ఏ గ్రహణం ఎంత చీకటిగా ఉంటుందో ముందే కచ్చితంగా చెప్పలేం. గ్రహణం ఎంత చీకటిగా ఉందో కొలిచే దాంజోన్ స్కేలు ప్రకారం 0 అంటే దాదాపు కనబడనంత చీకటి, 4 అంటే మెరిసే రాగి-నారింజ రంగు. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలాక వాతావరణంలో చేరిన ధూళి వల్ల 1992 డిసెంబరు గ్రహణం బాగా చీకటిగా నడిచింది. చంద్రుడు ప్రచ్ఛాయ నడిబొడ్డు గుండా పోతే చీకటి ఎక్కువ, అంచు రాసుకుంటూ పోతే తక్కువ. దిగంతానికి దగ్గరగా ఉంటే ఇంకో ఒకటి రెండు స్టాపులు కలపాలి.

జవాబు 2:
పైన చెప్పిన 1 సెకను షాట్ వెలుగు ఎంతుందో తెలుసుకోవడానికే. ట్రాకర్ లేకుండా అది పదునుగా రాదు. లెక్క ఇదీ: ఆకాశం సెకనుకు సుమారు 15 ఆర్క్‌సెకన్లు తిరుగుతుంది (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్‌నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను). మీ సెన్సరు పిక్సెల్ 3.9 మైక్రాన్లు అనుకుంటే 300 ఎంఎం దగ్గర ఒక్కో పిక్సెల్ 2.7 ఆర్క్‌సెకన్లు చూస్తుంది. అంటే సెకనులో చంద్రుడు 5 పిక్సెళ్ల పైన జరుగుతాడు. 1/4 సెకనులో ఒకటిన్నర లోపే, అది కంటికి తెలియదు. అరసెకను మీ హద్దు. అది దాటితే మచ్చల అంచులు ఒకే దిశలో సాగినట్టు కనబడతాయి, చాలామంది దాన్ని ఫోకస్ తప్పిందనుకుంటారు.

చీకటి గ్రహణమైతే సమయం పెంచకండి, ఐఎస్ఓ 6400కు వెళ్లండి. గ్రెయిన్ గురించి భయం వద్దు. అదే సెట్టింగుతో వరుసగా 16 ఫ్రేములు తీసి స్టాక్ చేస్తే (ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే) నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది. ముందు పిప్ (PIPP) అనే సాఫ్ట్‌వేర్‌లో చంద్రుణ్ణి మధ్యకు సర్ది, తర్వాత ఆటోస్టాకర్ట్ (AutoStakkert) అనే సాఫ్ట్‌వేర్‌లో కలపండి. ఆ ఫ్రేములన్నీ నిమిషంలోపు తీసినవై ఉండాలి, ఎందుకంటే నీడ కూడా చంద్రుడి మీద నిమిషానికి అర ఆర్క్‌నిమిషం దాకా జరుగుతూనే ఉంటుంది.

300 ఎంఎం దగ్గర సెన్సరు మీద చంద్రుడు 2.7 ఎంఎం, సుమారు 700 పిక్సెళ్లు (ఫోకల్ లెంగ్తును 110తో భాగిస్తే మిల్లీమీటర్లు వచ్చేస్తాయి). క్రాప్ చేసుకోవడానికి అది చాలు. ఎంత క్రాప్ చేసినా కొత్త వివరం మాత్రం పుట్టదు.

ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపకండి. లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి, మిర్రర్ ఉన్న కెమెరా అయితే మిర్రర్ లాకప్ (షాట్‌కు ముందే లోపలి అద్దాన్ని పైకి లేపి ఉంచడం) పెట్టండి. 1/15 నుంచి 1/2 సెకను మధ్య షాట్‌లే మిర్రర్ దెబ్బకు ఎక్కువ పాడవుతాయి, మీరు తీయబోయేవి సరిగ్గా అవే. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి. అది ఉంటే కొన్ని కెమెరాల్లో ప్రతి పొడవాటి షాట్‌కూ రెట్టింపు సమయం పోతుంది.

జవాబు 3:
సంపూర్ణ దశ ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది రంగు దగ్గరే. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో చీకటి ఎడమకు, వెలుగు కుడికి చూపే గ్రాఫులో) తెల్ల గ్రాఫ్ ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ ఎరుపు ఛానెల్ అప్పటికే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. ఫలితం: మచ్చలు లేని నున్నటి నారింజ బిళ్ల. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి అంచుకు కాస్త ఇవతలే ఆగేలా చూడండి. రా ఫార్మాట్‌లోనే తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఎరుపును లోపమనుకుని సరిదిద్దేస్తుంది, పైగా ఒక్కో ఫ్రేముకు ఒక్కో రంగు వస్తుంది. డేలైట్ మీద కట్టేయండి.

నిమీలనం అయిన మొదటి రెండు మూడు నిమిషాలు, ఉన్మీలనానికి (చంద్రుడి అంచు నీడలోంచి మళ్లీ బయటపడటానికి) ముందు రెండు మూడు నిమిషాలు వదులుకోకండి. నీడ అంచు వైపు సన్నటి నీలి చార వస్తుంది. పై వాతావరణంలోని ఓజోన్ ఎరుపును పీల్చుకుని మిగతా వెలుగును వంచి పంపడం వల్ల అది. ఆ చార కోసం ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించాలి, లేకపోతే తెల్లగా కలిసిపోతుంది. నా దృష్టిలో గ్రహణం నడిమి షాట్ కంటే ఇదే అందమైన ఫోటో.

లెన్స్ ముందు యూవీ ఫిల్టరు ఉంటే తీసేయండి. వెలుగు భాగం దానిలో ప్రతిబింబించి పక్కన దయ్యపు చంద్రుడొకటి పడుతుంది. సూర్యగ్రహణానికి వాడే ఫిల్టరు ఇక్కడ అసలు అక్కర్లేదు.

ప్రశ్న (అడిగినవారే):
చాలా ఉపయోగపడిందండి. రెండు సందేహాలు. చీకట్లో ఫోకస్ ఎలా చూసుకోవాలి? ఎవరి దగ్గరైనా స్టార్ ట్రాకర్ దొరికితే చంద్ర వేగం పెట్టాలా, నక్షత్ర వేగమా?

జవాబు 2:
ఫోకస్ గ్రహణానికి ముందే కుదుర్చుకోవాలి. లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, చంద్రుడి అంచు మీద మాన్యువల్‌గా కుదిర్చి, రింగును టేపుతో అంటించేయండి. సంపూర్ణ దశలో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకుతూ ఉండిపోతుంది. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ కొంచెం జరుగుతుంది కాబట్టి, నిమీలనం తర్వాత పక్కనున్న ఒక నక్షత్రం మీద మళ్లీ చూసుకోండి. జూమ్ రింగుకూ టేపు వేయండి, లెన్స్ పైకి తిరిగినప్పుడు దాని బరువుకు అదే జారుతుంది.

ట్రాకర్ వేగం గురించి మీ లెన్స్‌కు అంత ఆలోచన అక్కర్లేదు. నక్షత్రాలతో పోలిస్తే చంద్రుడు సెకనుకు సుమారు అర ఆర్క్‌సెకనే జరుగుతాడు. 4 సెకన్ల షాట్‌లోనూ అది ఒక పిక్సెల్ దాటదు. చంద్రుడు ఫ్రేము మధ్యలోనే ఉండాలంటే చంద్ర వేగం.

జవాబు 4:
ఒక్క చోట మాత్రం నక్షత్ర వేగమే పెట్టాలంటాను. నక్షత్రాల ఆధారంగా ఫ్రేములు పేరిస్తే చంద్రుడు నీడలోకి వెళ్లి వస్తున్నట్టు, భూమి నీడ గుండ్రటి అంచు బయటపడుతుంది. ఆ నీడ వెడల్పు చంద్రుడికి సుమారు 2.7 రెట్లు.

ఇక మీ వరుస ఫోటో. స్పర్శ నుంచి మోక్షం దాకా దాదాపు మూడున్నర గంటలు, అంటే ఆకాశంలో 50 డిగ్రీల పైచిలుకు. ఏపీఎస్-సీ మీద 16 ఎంఎం లెన్స్ పెట్టి, చంద్రుడు కర్ణం మీదుగా నడిచేలా ఫ్రేము కట్టండి. దారి ఎటు పోతుందో స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో ముందే చూసుకోవచ్చు. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి 2 నిమిషాలు పడుతుంది. 5 నిమిషాలకొక షాట్ తీస్తే బొమ్మల మధ్య చక్కటి ఎడం ఉంటుంది. ఒక్కో సమయానికి 3 ఎక్స్‌పోజర్లు తీసి పెట్టుకోండి. రిమోట్‌లో పెట్టే విరామం, షాట్‌కూ కార్డులో రాయడానికీ కలిపి పట్టే సమయం కంటే ఎక్కువుండాలి, లేకపోతే మధ్యలో ఒక షాట్ ఎగిరిపోయి వరుసలో ఖాళీ వస్తుంది. చివర్లో ఫోటోషాప్‌లో లైటెన్ మోడ్‌తో (ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న పిక్సెల్‌నే ఉంచే పద్ధతి) పేర్చండి.

మంచును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మూడు గంటలు పైకి చూస్తున్న లెన్స్ అద్దం మీద తేమ పట్టి, ఫోటోలన్నీ మెల్లగా మసకబారతాయి, ఆ క్షణంలో తెరమీద తెలియదు. ముందు అద్దం వెనకగా డ్యూ హీటర్ పట్టీ (లెన్స్‌ను కాస్త వెచ్చగా ఉంచే పట్టీ) మొదటి నుంచే చుట్టి ఉంచాలి, తేమ పట్టాక చుడితే ఆరడానికి చాలాసేపు పడుతుంది. గుడ్డతో తుడవకండి, తుడిచిన నిమిషానికే మళ్లీ పడుతుంది, పైగా ఫోకస్ కదులుతుంది. బ్యాటరీ మార్చడం నిమీలనానికి పది నిమిషాల ముందే పూర్తిచేయండి.