"ప్రాణము పెట్టుట" అంటే చనిపోవడమేనా?

ప్రశ్న: యోహాను సువార్త 15:13లో "తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు" అని ఉంది. మా ఇంట్లో "మనవడంటే ప్రాణం పెడుతుంది" అంటే తెగ ముద్దు చేస్తుందని అర్థం. ఈ వాక్యంలో ఉన్నది మమకారమా, చావా?

జవాబు: చావేనండి. యేసు ఆ మాట అన్నది తన చివరి రాత్రి, తెల్లారితే సిలువ. మనం "మనవడంటే" అంటాం, అక్కడ "స్నేహితులకొరకు" అని ఉంది, తేడా అంతా అందులోనే.

కానీ చావు దగ్గరే ఆగిపోతే యోహాను చెప్పేది సగం జారిపోతుంది. 10:18 చూడండి: "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను". ఒకరు తీస్తే పోయిన ప్రాణం కాదది, తానై ఇచ్చింది. 13వ అధ్యాయంలో శిష్యుల కాళ్లు కడగబోతూ యేసు పైవస్త్రం తీసి పక్కన పెడతాడు. గ్రీకు మూలంలో వస్త్రం పెట్టడానికీ ప్రాణం పెట్టడానికీ ఒకటే క్రియ, తిథేమి, అంటే "పెట్టు". కావాలనే వాడాడని నా నమ్మకం. అదే అధ్యాయంలో పేతురు "నీకొరకు నా ప్రాణము పెట్టుదును" అని గొప్పగా అంటాడు. కోడి కూసేలోపు మూడుసార్లు ఆయనెవరో ఎరగనన్నాడు. అంతకుముందు కాళ్లు కడిగించుకోవడానికే ఒప్పుకోలేదు పాపం!

ప్రశ్న: మరి "స్నేహితులకొరకు" అని గిరి గీయడం ఏంటి సార్? శత్రువులనూ ప్రేమించమన్నది ఆయనే కదా?

జవాబు: ఆ రాత్రి ఎదురుగా ఉన్నది స్నేహితులే, అందుకని. పౌలు ఆ గిరి చెరిపేశాడు: "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" (రోమా 5:8). 1941లో ఆష్‌విట్జ్ అనే నాజీల నిర్బంధ శిబిరంలో ఒక ఖైదీ పారిపోయాడని నాజీలు పదిమందిని ఆకలిచావుకు ఎంచారు. అందులో గాయోవ్నిచెక్ అనే పోలిష్ సైనికుడు భార్యాపిల్లలను తలుచుకుని ఏడిస్తే, కోల్బే అనే ఫాదర్ ముందుకొచ్చి ఆయన బదులు తాను వెళ్లాడు. ఇద్దరూ స్నేహితులేం కాదు. రెండు వారాలైనా కోల్బే ప్రాణం పోలేదు, ఆగస్టు 14న విషపు ఇంజెక్షన్ ఇచ్చి చంపారు. గాయోవ్నిచెక్ 1995 దాకా బతికాడు. 1982లో కోల్బేను పునీతుడిగా ప్రకటించినప్పుడు అక్కడే ఉన్నాడు కూడా.

ప్రశ్న: అలాంటి సందర్భం మనకెక్కడ వస్తుందండి?

జవాబు: రాకపోవచ్చు. యోహాను మొదటి పత్రిక (1 యోహాను) 3:16 మనమూ సహోదరుల కోసం ప్రాణాలు పెట్టాలంటుంది. 17లో మాత్రం చావు ఊసే లేదు: జీవనోపాధి ఉండి కూడా, లేమిలో ఉన్న సహోదరుణ్ణి చూసి కనికరించనివాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుంది అని అడుగుతుంది. 16 మనకి కంఠస్థం, 17 అప్పజెప్పమంటే నీళ్లు నములుతాం.