వేడెక్కాక ఐడ్లింగ్ పడిపోయే ఇంజెక్షన్ బైకు: ఏ స్క్రూ తిప్పాలి?

అందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి కొత్త. ఈమధ్యే ఒక వాడిన బైకు కొన్నాను. ఒకే సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్, మామూలు కేబుల్ థ్రాటిల్. చలికాలమంతా షెడ్డులోనే ఉందట. పొద్దున్నే బాగానే స్టార్టవుతుంది. వేడెక్కాక మాత్రం ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 900 చుట్లకు జారిపోయి సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. మాన్యువల్‌లో 1,400 అని ఉంది. ఇదివరకు నాది కార్బురేటర్ బండి, స్క్రూ తిప్పితే సరిపోయేది. దీనికి ఏ స్క్రూ తిప్పాలో తెలిసినవారు చెప్పగలరు.

———

తమ్ముడూ, ఇప్పుడే ఏ స్క్రూ ముట్టుకోకు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు ఎంత చల్లాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) లెక్కగట్టుకుంటుంది. ఐడ్లింగ్‌లో మనం చూడాల్సింది గాలి. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు థ్రాటిల్ రేకు (ఇంజిన్‌కు గాలి దారిని తెరిచి మూసే రేకు) దాదాపు మూసుకుపోతుంది. దాని అంచున మిగిలిన సందులోంచీ, పక్కనున్న సన్నని దారిలోంచీ వచ్చే కొద్దిపాటి గాలితోనే ఇంజిన్ నడవాలి. అక్కడ మసి పేరుకుంటే ఆ కాస్త గాలీ తగ్గి ఐడ్లింగ్ పడిపోతుంది. పొద్దున్నే ఎందుకు తెలియడం లేదంటే, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ గాలి ఎక్కువగా వచ్చే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. వేడెక్కాక అది తగ్గిపోగానే లోపం బయటపడుతుంది.

ముందు కీ ఆన్ చేసి మీటరులో ఇంజిన్ దీపం చూడు. స్టార్టయ్యాక కూడా ఆరకపోయినా, లెక్కగా మినుకుమన్నా ఏదో లోపం కోడ్ నమోదైందన్నమాట. మిగతావన్నీ ఆపి దాని సంగతి చూడాలి. ఉష్ణోగ్రత సెన్సార్ తప్పు చెప్పినా వేడి మీద బండి ఇలాగే మొరాయిస్తుంది.

దీపం మామూలుగా ఉంటే, ఆ రేకు ఉండే గొట్టం లాంటి భాగాన్ని, అంటే థ్రాటిల్ బాడీని, శుభ్రం చెయ్యి. ఇంజిన్ చల్లారాలి, కీ ఆఫ్‌లో ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు గొట్టం విప్పితే రేకు కనిపిస్తుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తని గుడ్డ మీద చల్లి, యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని, రేకు అంచునూ అది ఆనే చోటునూ తుడువు. కార్బురేటర్ క్లీనర్ వద్దు, కొన్ని బాడీల లోపలి పూతను అది తినేస్తుంది. సెన్సార్ల మీదికి నేరుగా చల్లకు. ఇది చదివే వేరెవరి బండికైనా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే రేకును వేలితో నెట్టకండి, లోపలి గేర్ల పళ్లు దెబ్బతింటాయి.

రంగు చుక్క పెట్టిన స్క్రూలు ఫ్యాక్టరీలో బిగించినవి. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ స్క్రూ కూడా అంతే. దాన్ని కదిపితే రేకు ఎంత తెరుచుకుందో ఈసీయూకు తప్పుగా అందుతుంది, అక్కడి నుంచి లెక్కలన్నీ తప్పుతాయి. కొన్ని ఇంజెక్షన్ బళ్లకు చేత్తో తిప్పే ఐడ్లింగ్ నాబ్ ఉంటుంది. నీ బండికి ఉంటే, శుభ్రం చేశాక, ఇంజిన్ బాగా వేడెక్కాక మాన్యువల్‌లోని అంకెకు తెచ్చుకో. మసి ఉండగానే నాబ్ తిప్పితే అసలు జబ్బు కప్పబడిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్చమని చాలామంది చెబుతారు. మురికిగా ఉంటే మార్చు, కానీ ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి అదొక్కటే కారణం కావడం అరుదు. చలికాలం నుంచి ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు మాత్రం తీసేసి కొత్తది పోసుకో.

———

పైన అన్నగారు చెప్పింది సరైన వరుసే. నేను టాపెట్ల గురించి, అంటే వాల్వుకూ దాన్ని నెట్టే భాగానికీ మధ్య ఉండే సందు గురించి, చేరుస్తాను. టాపెట్లు వదులైతే చప్పుడొస్తుంది, అందరూ పట్టించుకుంటారు. బిగుతైతే చప్పుడే ఉండదు. వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) జారి, ఐడ్లింగ్ వేడి మీదే పడిపోతుంది. మీరు చెప్పిన లక్షణం దీనికీ సరిపోతుంది. శుభ్రం చేసినా మారకపోతే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక కొలిపించండి. ఇంకో మాట, చలిగా ఉందని షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

———

అన్నా, అక్కా, ధన్యవాదాలు. ఇంజిన్ దీపం మామూలుగానే ఉంది. గుడ్డ నల్లగా అయిపోయింది! కొత్త పెట్రోలు కూడా పోశాను. ఇప్పుడు వేడి మీద 1,300 దాకా ఉంటోంది, ఆగిపోవడం లేదు. కానీ ఇండికేటర్ వేసినప్పుడల్లా కిందికీ పైకీ ఊగుతోంది. నాబ్ లేదు. రాత్రంతా ఆపి ఉంచాక బ్యాటరీ 12.1 వోల్టులు చూపించింది.

———

తమ్ముడూ, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6కు పైనే చూపాలి. 12.1 అంటే సగం ఖాళీ, ఇండికేటర్ వేసినప్పుడల్లా ఐడ్లింగ్ ఊగడానికి అదే కారణం కావచ్చు. ఐడ్లింగ్ తక్కువగా ఉన్నన్నాళ్లూ ఛార్జింగ్ కూడా తక్కువే అందుతుంది, పైగా శీతకాలమంతా కదలని బండి. ఛార్జర్ పెట్టి నిండుగా ఎక్కించు. తర్వాత ఇంజిన్ కొంచెం రేస్ చేసి బ్యాటరీ దగ్గర కొలువు. సుమారు 13.5 నుంచి 14.8 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. అలా ఉండి కూడా మర్నాటికి బ్యాటరీ మళ్లీ దిగిపోతే బ్యాటరీయే పాడై ఉండొచ్చు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు అది చివర. కొన్ని బళ్లలో బ్యాటరీ తీశాక ఐడ్లింగ్‌ను ఈసీయూ మళ్లీ నేర్చుకోవాలి, ఆ పద్ధతి నీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే చెయ్యి, వేరే బండిది చెయ్యకు.

బ్యాటరీ నిండాక కూడా 1,300 దాటకపోతే అక్క చెప్పినట్టు టాపెట్లు కొలిపించు. మెకానిక్‌కు ఇప్పటిదాకా చేసినవన్నీ ముందే చెప్పు, చేసిన పనే మళ్లీ చెయ్యకుండా ఉంటారు.