సమస్యాపూరణం: మడిసి పోయిన కప్పయే మరల దూకె

నిర్వాహకుడు: తేటగీతి పాదం ఇచ్చాను. శాపవిమోచన కథలు వద్దు. గడ్డకట్టే చలిని శీతరక్త జీవులు తట్టుకునే తీరు శాస్త్రానికి నిలిచేలా పూరించండి.

హేమంతి:
గడ్డ కట్టెను నెత్తురు, గాలి యుడిగె,
గుండె చప్పుడు లేదాయె, కొసల దాక
చేర కాలేయ చక్కెర, చెడక కణము,
మడిసి పోయిన కప్పయే మరల దూకె.

గురులఘువు: యతులు కుదిరాయి హేమంతి గారూ. ఇది ఉత్తర అమెరికా వుడ్ ఫ్రాగ్ అని తెలుస్తూనే ఉంది. అలాస్కాలో అది -16 డిగ్రీల చలికీ ఓర్చుకుంటుంది. విషయం మాత్రం రెండుచోట్ల జారింది. మంచు మొదట పట్టేది నెత్తురుకు కాదు, తోలు కిందా పొట్ట ఖాళీలోనూ. ఒంటి నీటిలో మూడింట రెండు వంతుల దాకా అలా గడ్డకట్టవచ్చు. కణాల లోపల మంచు పుడితే మాత్రం చావే.

ఇక 'కొసల దాక'. తోలుకు తొలి మంచు తగిలిన నిమిషాల్లోనే కాలేయం తనలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజు అనే చక్కెరగా విడగొట్టి రక్తంలోకి వదులుతుంది. అది గుండె, మెదడు వంటి అవయవాల్లో చిక్కగా చేరుతుంది. కాళ్ల కండరాలకు అందేది తక్కువే. నెత్తురు పారినంతసేపే ఈ పంపకం సాగుతుంది. అందుకే చలి నిదానంగా దిగాలి. ఒక్కసారిగా బిగుసుకుంటే చక్కెర చేరకముందే గుండె ఆగుతుంది, ఆ కప్ప ఇక దూకదు.

హేమంతి (సవరణ):
గడ్డ కట్టెను మేనిలో గల జలమ్ము,
గుండె చప్పుడు లేదాయె, గుండెలోకి
చేర కాలేయ చక్కెర, చెడక కణము,
మడిసి పోయిన కప్పయే మరల దూకె.

గురులఘువు: 'గుండె' రెండుసార్లు వచ్చినా పరవాలేదు. మంచు కరిగేటప్పుడు ముందు కదిలేదీ అదే. తర్వాత ఊపిరి, చివరికి కాళ్లు.

కొలనుపాప:
నాల్గు డిగ్రీల నీటిలో నడుగు జేరి,
తోలు తోడనె గాలిని దోచుకొనుచు
కదల కుండె, వసంతాన గాంచి యనిరి:
"మడిసి పోయిన కప్పయే మరల దూకె."

గురులఘువు: చావును చూసినవాళ్ల భ్రమగా తిప్పేశారు, భేష్! నీటి అడుగున చలికాలం గడిపే లెపర్డ్ ఫ్రాగ్ అనే కప్పకు సరిగ్గా సరిపోతుంది. 'అడుగు జేరి' అన్నారు గానీ బురదలో పూడుకున్నట్టు చెప్పలేదు, అదే మేలు. పూర్తిగా పూడుకుంటే తోలుకు ఆక్సిజన్ అందదు. చల్లని నీటిలో అది ఎక్కువ కరుగుతుంది, చల్లబడిన ఒంటికి అవసరమూ తక్కువే. కానీ మంచుపలక మీద హిమం మందంగా పేరుకుంటే వెలుతురు దిగదు, నీటిమొక్కలు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తాయి. లోతు తక్కువైన చెరువుల్లో కప్పలూ చేపలూ మూకుమ్మడిగా చచ్చేది అప్పుడే.

కొలనుపాప: హిమనిరోధక ప్రోటీన్లను ఎవరూ ముట్టుకోలేదేం?

గురులఘువు: వాటికి పేరుపడ్డవి అంటార్కిటికా చేపలు. -1.9 డిగ్రీల సముద్రంలో ఆ ప్రోటీన్లు సన్నని మంచు పలుకులకు అంటుకుని వాటిని పెరగనివ్వవు. వుడ్ ఫ్రాగ్ చేసేది దీనికి తలకిందులు: మంచును రానిస్తుంది, కణాల బయటే ఉంచుతుంది. చేప మీద పూరణ కావాలంటే వేరే సమస్య ఇవ్వాలి.