టామ్ విల్స్ చిన్నతనం గురించి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కి ఆద్యుల్లో ఒకడైన టామ్ విల్స్ జీవితం గురించి, మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మన తెలుగు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, సాయం చేయండి.

చలికాలంలో క్రికెటర్లు బద్ధకించకుండా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందామని 1858 జూలైలో పత్రికకి ఆయన రాసిన ఉత్తరం ట్రోవ్‌లో (ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి పాత పత్రికల ఆన్‌లైన్ భాండాగారం) దొరికింది. మరుసటి ఏడాది మే 17న మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్ ఆట నియమాలు రాసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

చిక్కంతా బాల్యం దగ్గరే. విక్టోరియాలో మోయ్‌స్టన్ దగ్గర జాబ్ వురంగ్ ఆదివాసీ పిల్లలతో ఆడుకుంటూ, వాళ్ల భాష మాట్లాడుతూ పెరిగాడు. పోసమ్ (చెట్ల మీద ఉండే ఒక జంతువు) తోలు బంతిని పైకి తన్ని, గాల్లోకి ఎగిరి అందుకునే ఆదివాసీల మార్న్‌గ్రూక్ ఆటే ఈ ఫుట్‌బాల్‌కి మూలమని కొందరంటారు. కాదు, ఇంగ్లండ్‌లో ఆయన చదివిన రగ్బీ స్కూల్లో నేర్చుకున్నదే మూలమని చరిత్రకారుల్లో చాలామంది. జాబ్ వురంగ్ పెద్దలు ఈ విషయం గురించి చెప్పిన మాటలు అచ్చులోగానీ, రికార్డింగుల్లోగానీ ఎక్కడైనా ఉన్నాయా? వాళ్ల మాట లేకుండా ఈ భాగం రాయడం నాకు న్యాయంగా అనిపించట్లేదు.

1861లో క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసీల దాడిలో తండ్రి చనిపోయాడు. అయినా 1866లో ఆదివాసీ క్రికెట్ జట్టుకి శిక్షణ ఇచ్చి, దాన్ని మెల్‌బోర్న్ మైదానంలోకి తీసుకొచ్చింది ఈయనే. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

ఇంకొకటి, టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. తాగుడుతో చితికిపోయి 1880లో ఆత్మహత్య చేసుకున్నాడు. పదేళ్ల పిల్లలకి దీన్ని దాచకుండా, భయపెట్టకుండా ఎలా చెప్పాలి?