ఓత్ దగ్గరపడింది: ఇండియన్ పాస్‌పోర్ట్, ఊళ్ళో పొలం, బాబు పేపర్లు ఏం చేయాలి?

హనుమకొండ_డల్లాస్

అందరికీ నమస్తే. ఎన్-400 (అమెరికా పౌరసత్వ దరఖాస్తు) ఇంటర్వ్యూ అయిపోయింది, వచ్చే నెలలో ఓత్‌కి, అంటే పౌరసత్వ ప్రమాణానికి రమ్మని లెటర్ వచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికోసమే అయినా లెటర్ వచ్చినప్పటి నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. హనుమకొండలో నాన్నకి డయాలసిస్ నడుస్తోంది, ఎప్పుడు ఫోన్ వస్తుందో, ఎప్పుడు ఫ్లైట్ ఎక్కాల్సి వస్తుందో తెలియదు. ఓత్ అయ్యాక అమెరికా పాస్‌పోర్ట్ రావాలి, తర్వాత ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, ఆ తర్వాత ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాల వాళ్ళకిచ్చే జీవితకాల వీసా లాంటి కార్డు), ఇదంతా అయ్యేసరికి నెలలు పడుతుందంటున్నారు. ఈ మధ్యలో వెళ్ళాల్సి వస్తే ఎలా? ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇంకా చాలా ఏళ్ళు గడువు ఉంది, సరెండర్ చేసేదాకా దాని మీద ఒకసారి వెళ్ళి రావచ్చని ఆఫీసులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. నిజమేనా?

రెండోది పొలం. నేను ఇక్కడికి రాకముందే నాన్న నా పేరు మీద రెండెకరాలు రాశారు, పాస్‌బుక్ కూడా నా పేరు మీదే ఉంది. ఇంకో మూడెకరాలు ఆయన పేరు మీద ఉన్నాయి, అవి కూడా ఇప్పుడే నాకు గిఫ్ట్ రాసేస్తానంటున్నారు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే పొలం గవర్నమెంట్ లాగేసుకుంటుందని ఊళ్ళో ఎవరో చెప్పారట, ఆయనకి ఒంట్లో బాధ కంటే ఇదే ఎక్కువ బెంగ అయిపోయింది.

మూడోది మా బాబు. వాడికి పదకొండేళ్ళు, అక్కడే పుట్టాడు, ఇక్కడ గ్రీన్‌కార్డ్ ఉంది. మా ఆవిడ మాత్రం ఇండియన్ సిటిజన్‌గానే ఉంటానంటోంది. బాబుకి విడిగా అప్లై చేయాలా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


హ్యూస్టన్_పాతకాపు

తమ్ముడూ, ముందు ఆ ఆఫీసాయన మాట మర్చిపో. ఇండియన్ పౌరసత్వం పోయేది సరెండర్ చేసిన రోజు కాదు, నువ్వు ఓత్ తీసుకున్న క్షణాన. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ అదే చెబుతుంది, ఇష్టపూర్వకంగా వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే మనది దానంతటదే రద్దవుతుంది, ఎవరూ ప్రత్యేకంగా ఆర్డర్ వేయక్కర్లేదు. సరెండర్ సర్టిఫికేట్ అనేది అయిపోయిన విషయానికి కాగితం మాత్రమే. కాబట్టి పాస్‌పోర్ట్ మీద ఏ తేదీ ఉన్నా ఓత్ తర్వాత అది వాడటం పాస్‌పోర్ట్ చట్టం కింద నేరం, సరెండర్ చేసేటప్పుడు స్టాంపులు చూసి పెనాల్టీ కూడా వేస్తారు.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటి ఉంది. ఓత్ హాల్లోకి వెళ్ళేటప్పుడే గ్రీన్‌కార్డ్ వాపసు తీసేసుకుంటారు. చేతిలో ఉండేది నాచురలైజేషన్ సర్టిఫికేట్ ఒక్కటే, అది ట్రావెల్ డాక్యుమెంట్ కాదు. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఎలాగోలా వెళ్ళినా తిరిగి అమెరికా ఫ్లైట్ ఎక్కడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. నాన్నగారు ఆ స్థితిలో ఉన్నప్పుడు అక్కడ ఇరుక్కుపోతే ఎంత నరకమో ఆలోచించు.

అందుకే నేను చెప్పేది ఒకటే, ఓత్ వాయిదా వేయించుకో. నీకు వచ్చిన ఎన్-445 ఓత్ నోటీసుని కారణం రాసిన లెటర్‌తో కలిపి వెనక్కి పంపితే ఇంకో తేదీ ఇస్తారు, తండ్రి ఆరోగ్యం కంటే పెద్ద కారణం ఏముంటుంది? చెప్పకుండా ఎగ్గొట్టడం మాత్రం చేయకు, అలా మళ్ళీ మళ్ళీ చేస్తే అప్లికేషనే కొట్టేస్తారు. ఇప్పుడు నీ చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్, గ్రీన్‌కార్డ్ రెండూ ఉన్నాయి, ఏ వీసా అక్కర్లేదు, రేపే వెళ్ళి నాన్నగారిని చూసి రావచ్చు. ఓత్ ఫారంలో ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటి వెళ్ళారా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయి, అందులో తప్పేం లేదు.

వాయిదా కుదరదు, ఓత్ తీసుకునే తీరాలి అంటావా, అప్పుడు ఆ రోజే డీఎస్-11 (అమెరికా పాస్‌పోర్ట్ దరఖాస్తు) వేయి. అమెరికా పాస్‌పోర్ట్‌కి ఒరిజినల్ సర్టిఫికేట్ పంపేయాలి కాబట్టి ముందే కలర్ కాపీలు తీసి పెట్టుకో, సరెండర్ అప్లికేషన్‌కి అవి కావాలి. డల్లాస్‌లోనే పాస్‌పోర్ట్ ఏజెన్సీ ఉంది, తల్లిదండ్రులకి ప్రాణాపాయం అంటే డాక్టర్ లెటర్ చూపించి ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అడగొచ్చు. అమెరికా పాస్‌పోర్ట్ వచ్చాక ఇండియా వీసా ఒకటి ఉంటుంది, దానికి కూడా పాత పాస్‌పోర్ట్ ఏం చేశావని అడుగుతారు. టెక్సస్ మొత్తం హ్యూస్టన్ కాన్సులేట్ కిందికి వస్తుంది, మామూలు అప్లికేషన్లు వీఎఫ్ఎస్ అనే ప్రైవేటు ఏజెన్సీ ద్వారానే వెళ్తాయి, నిజమైన ఎమర్జెన్సీ అయితే కాన్సులేట్‌కే నేరుగా ఫోన్ చేయాలి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి నేను అంకెలు చెప్పను, వెబ్‌సైట్‌లో ఆ రోజు ఏముంటే అదే.


అట్లాంటా_అక్క

బాబు సంగతి నేను చెబుతా, మా ఇంట్లో పాప విషయంలో ఇదే జరిగింది. విడిగా ఎన్-400 ఏమీ అక్కర్లేదు. 2000 నాటి చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి గ్రీన్‌కార్డ్ ఉండి, సిటిజన్ అయిన తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఇక్కడ ఉంటుంటే, మీరు ఓత్ తీసుకున్న క్షణానే వాళ్ళూ అమెరికన్ సిటిజన్లు అయిపోతారు. మీ ఆవిడ ఇండియన్‌గా ఉన్నా దీనికి అడ్డు కాదు, ఆమె పాస్‌పోర్ట్‌కి, గ్రీన్‌కార్డ్‌కి ఏమీ అవదు. కానీ బాబు ఇండియన్ పాస్‌పోర్ట్ కూడా మీదానిలాగే సరెండర్ చేయాలి, వాడికీ వేరే ఓసీఐ తీసుకోవాలి. పిల్లలు కదా అని వదిలేసి వేసవి సెలవులకి పాత పాస్‌పోర్ట్ మీద పంపిన వాళ్ళు ఉన్నారు, తర్వాత పెనాల్టీ కట్టారు. పదహారేళ్ళలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్ట్‌కి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి, ఒకరు రాలేకపోతే నోటరీ చేసిన డీఎస్-3053 సమ్మతి పత్రం ఇవ్వాలి. మీరొక్కరే ఇండియా వెళ్తున్నట్టయితే అది ముందే సంతకం పెట్టి వెళ్ళండి.

ఇంకో మాట, మన తెలుగువాళ్ళకి బాగా తగిలేది, పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ, కొందరికి పేరంతా ఒకే గడిలో. ఓత్ టైమ్‌లో పేరు మార్చుకునే అవకాశం ఇస్తారు కదా అని చాలామంది సరదాగా పేరు పొట్టి చేసుకుంటారు. నేనైతే వద్దనే అంటా. సర్టిఫికేట్‌లో ఒక పేరు, ఇండియన్ పాస్‌పోర్ట్‌లో ఒక పేరు ఉంటే ప్రతి చోటా పేరు మార్పు కాగితం జత చేయాలి, ఓసీఐ కొత్త పేరు మీద వస్తుంది, అక్కడ పట్టాదార్ పాస్‌బుక్, పాన్, బ్యాంక్ ఖాతా అన్నీ పాత పేరు మీద ఉంటాయి. మీకు పొలం కూడా ఉంది కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంచుకోండి.

బాబుని రేపు ఇండియాలో మెడిసిన్ చదివించే ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోండి, 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలకి నీట్, జేఈఈ లాంటి వాటిలో ఎన్ఆర్ఐ సీట్లే, ఇండియన్ సిటిజన్లకి కేటాయించిన సీట్లకి పోటీ పడలేరు.


మెట్టపొలం

పొలం గురించి ఊళ్ళో చెప్పేది శుద్ధ తప్పు, నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం 6వ సెక్షన్, 5వ ఉపసెక్షన్ ప్రకారం ఇండియాలో నివాసి‌గా ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తిని, నివాసి అయిన వ్యక్తి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తిని విదేశంలో ఉండి కూడా నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. ఇక్కడ చూసేది ఎక్కడ ఉంటున్నారు అన్నదే, పౌరసత్వం కాదు. మీ రెండెకరాలు మీవే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ మూడెకరాల గిఫ్ట్ దగ్గర. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ ఓసీఐలు కొనకూడదు, గిఫ్ట్‌గా తీసుకోకూడదు, ఇది చాలామందికి తెలుసు. కానీ ఎన్ఆర్ఐలకి కూడా ఇదే రూల్ అని తెలియదు. మీరు ఇంకా ఇండియన్ సిటిజనే కదా, ఓత్‌లోపు గిఫ్ట్ రిజిస్టర్ చేయించేద్దాం అని నాన్నగారు తొందరపడుతుంటే ఆపండి, ఇవాళ చేసినా అది చెల్లదు, రేపు అమ్మేటప్పుడు మెడకి చుట్టుకుంటుంది. దానికి దారి వీలునామా. వారసత్వంగా వస్తే ఓసీఐ అయినా తీసుకోవచ్చు. ఆయన ఆరోగ్యం ఇలా ఉన్నప్పుడు తెల్లకాగితం మీద రాసి ఊరుకోకుండా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, నడవలేకపోతే ఇంటికే వచ్చి చేసే ఏర్పాటు కూడా ఉంది. ఆయన పూర్తి తెలివితో ఉన్నారని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి, తోబుట్టువులు ఉంటే ఇది చాలా అవసరం.

ముందు ముందు అమ్మాలంటే ఇండియాలో ఉండే ఇండియన్ సిటిజన్‌కే అమ్మాలి. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐలకి ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునే ఖాతా) పడుతుంది, అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు, దానికి కావలసిన టాక్స్ ఫారాలు ఆడిటర్ చూసుకుంటాడు.

మీరు ఇండియా వెళ్తున్నారు కాబట్టి అమ్మగారికో అన్నదమ్ములకో పవర్ ఆఫ్ అటార్నీ అక్కడే రిజిస్టర్ చేయించి రండి. ఇక్కడి నుంచి చేస్తే కాన్సులేట్ అటెస్టేషన్, అది ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంప్ వేయించడం, అదంతా ఓ ప్రయాస. తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చింది కదా, మీ రెండెకరాల వివరాలు కొత్త పోర్టల్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో అదే ట్రిప్‌లో మండల ఆఫీసులో చూసుకోండి.


హనుమకొండ_డల్లాస్

అందరికీ చాలా చాలా థాంక్స్. గిఫ్ట్ సంగతి నాకు అస్సలు తెలియదు, వచ్చే వారం రిజిస్ట్రేషన్‌కి స్లాట్ కూడా చూస్తున్నారు, ఇప్పుడే ఫోన్ చేసి ఆపించాను. పాతకాపు అన్నా, మీరు చెప్పినట్టే ఎన్-445 వెనక్కి పంపుతున్నా, శుక్రవారం టికెట్ చూస్తున్నా. ఇంకొక్కటి, బ్యాంకు, ఓటు లాంటివి ఎప్పుడు మార్చాలి? నిజం చెప్పాలంటే ఓటు పోతుందంటే మనసుకి కష్టంగానే ఉంది.


ఫ్రాంక్‌ఫర్ట్_గోదావరి

ఓటు విషయంలో ఆ కష్టం నాకూ తెలుసు, మేమూ దాటి వచ్చాం. జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలకి ఒప్పుకుంటోంది, ఆ వార్త రాగానే ఇక్కడ మన వాళ్ళంతా సంబరపడ్డారు, కానీ ఒప్పుకోవాల్సింది మన దేశం కూడా కదా, అక్కడ 9వ సెక్షన్ అలాగే ఉంది. 2022లో ఒక్క ఏడాదే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఇంతమంది వదులుకుంటున్నప్పుడు, వాళ్ళల్లో సగం మందికైనా అక్కడ అమ్మానాన్నలు ఉన్నప్పుడు, ద్వంద్వ పౌరసత్వం గురించి గట్టిగా మాట్లాడాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. ఓసీఐ మొదలైందే 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. అది మంచి సౌకర్యమే, జీవితాంతం వీసా గోల ఉండదు, కానీ ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు.

మీ ప్రశ్నకి వస్తే, ఓటరు లిస్టులో పేరు ఓత్ అయ్యాక ఫారం 7 ఇచ్చి తీయించుకోండి, పౌరులు కాని వాళ్ళ పేరు లిస్టులో ఉండకూడదు. పాన్ రద్దవదు, వివరాలు అప్‌డేట్ చేస్తే చాలు. బ్యాంకులో ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా), ఎన్ఆర్ఓ ఖాతాలు ఓసీఐగా కూడా నడుస్తాయి, అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ కాపీలిచ్చి కేవైసీ మార్పించాలి. పాత సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుగానే నడుస్తుంటే, అది ఎన్ఆర్ఐ అయిన రోజే ఎన్ఆర్ఓగా మార్చాల్సింది, ఈ ట్రిప్‌లో బ్రాంచికి వెళ్ళి ఆ పని ముగించండి. ఇండియాలో టాక్స్ లెక్క మీరు అక్కడ ఎన్ని రోజులు ఉన్నారన్న దాన్ని బట్టే ఉంటుంది, పాస్‌పోర్ట్ మారినందుకు మారదు.


హ్యూస్టన్_పాతకాపు

ఒక్క మాట మర్చిపోయా తమ్ముడూ. సరెండర్ చేశాక పాత పాస్‌పోర్ట్ క్యాన్సిల్ చేసి నీకే తిరిగి ఇస్తారు, దాన్నీ సరెండర్ సర్టిఫికేట్‌నీ పారేయకు, ఓసీఐకి భారతీయ మూలాలకి రుజువు అదే. ఎన్-445 కాపీ ఒకటి దగ్గర ఉంచుకుని, ఒరిజినల్‌ని ట్రాకింగ్ ఉన్న పోస్ట్‌లో పంపు. శుక్రవారం లోపు పని కాకపోతే ఇక్కడే రాయి, నేను చూస్తుంటా.